కుంచం సరుకు, తూకం సరుకు

మా కెమిస్ట్రీ లెక్చరరు శతజయంతికి పాత విద్యార్థులు ఒక సంచిక వేస్తున్నారు. నన్నూ ఒక పేజీ రాయమని ఫోన్ చేశారు. నేను కూడా కెమిస్ట్రీ చెప్పి రిటైరయినవాణ్ణి కాబట్టి ఆయన మీద భక్తి ఉండి తీరుతుందని వాళ్ల నమ్మకం. ఏం రాయాలో కూడా చెప్పారు. సబ్జెక్టు మీద ఆయనకున్న పట్టు, పల్లెటూరి పిల్లల మీద వాత్సల్యం, నిరాడంబరత. అట్ట మీద వేయబోయే ఫోటో పంపారు. ఆయన చేతుల కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తెల్లని పంచె, భుజాన కండువా. పొందూరు ఖద్దరని చూడగానే తెలుస్తుంది. నిరాడంబరతకి అదే సాక్ష్యం కాబోలు. పొందూరు సన్న ఖద్దరు ఖరీదు తెలియనివాళ్లే దాన్ని నిరాడంబరత అంటారు.

ఆ ఫోన్ వచ్చిన వారంలోనే మా బావ పోయాడు. ఆయన మీద ఎవరూ సంచిక వేయరు. వేయాల్సిన అవసరం ఉందని కూడా నేను అనను. అయితే ఆ లెక్చరరు గురించి నాకు గుర్తున్నదంతా మా బావతో కలిసే గుర్తుంది. ఒకరిని వదిలి రెండోవారి గురించి రాయడం నాకు చేతకాదు. అందుకని ఇది సంచికకి పంపడం లేదు.

బావ మా మేనత్త కొడుకు. నాకంటే కొన్ని నెలలు పెద్ద. నన్నూ బావా అనే పిలిచేవాడు. పొందూరుకి నడిచి వెళ్లగలిగే దూరంలో మా ఊరు. ఇద్దరం ఒకే హైస్కూల్లో తెలుగులో చదివి, అరవైల చివర్లో పీయూసీకి విజయనగరం వచ్చాం. మేం చేరింది ఒక ప్రైవేటు కాలేజీ. ఇప్పుడది లేదు. పెంకుటింట్లో వెనక గది అద్దెకి తీసుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న బియ్యం కిరసనాయిలు స్టవ్ మీద వండుకునేవాళ్లం. బావకి వ్యవసాయ కాలేజీలో చేరాలని ఉండేది. మా ఊళ్లో ఒకే మడిలో ఒక మూల పంట ఎందుకు ఎర్రబడుతుందో ఎవర్ని అడిగినా చెప్పలేదట. అది తెలుసుకోవాలి. ఆయనకి చదువు మీద ఉన్న ఆశ అంతే. దానికి పీయూసీ గట్టెక్కాలి, కెమిస్ట్రీ రావాలి. మావయ్య, అంటే బావ తండ్రి, మమ్మల్ని బస్సెక్కిస్తూ మాట తేల్చి చెప్పాడు.

"ఒక్క ఏడాదిరా. గట్టెక్కితే ఎంతవరకైనా సదువు, నాను అడ్డురాను. నేదంటే మారు మాట్నేకుండా వచ్చి నాగలట్టుకో. రెండోపాలి ఫీజు కట్టీవోడు కాదు మీ అయ్య."

"అలగే" అన్నాడు బావ. ఆయన ఏ మాటకైనా అంతే జవాబు చెప్పేవాడు.

లెక్చరరు దగ్గర ఒక పాత నోట్సు ఉండేది. అంచులు పసుపెక్కిపోయి, పేజీ తిప్పితే పొట్టు రాలేది. అందులోంచి ఇంగ్లీషులో చదువుతూ ఉంటే మేం రాసుకోవాలి. కామా, ఫుల్‌స్టాప్ కూడా పైకి చదివేవాడు. మొదటి వారంలో కొందరు 'కామా' అన్న మాటని కూడా వాక్యంలో రాసుకున్నారు. ఆయన దాన్ని సరిచేయలేదు. చూడలేదు కూడా. లెక్కలూ డిక్టేషనే. పది గ్రాముల పాలరాయిని యాసిడ్‌లో కరిగిస్తే ఎన్ని లీటర్ల వాయువు వస్తుంది, అన్నది ఆయనకి ఇష్టమైన లెక్క. దాన్ని 'ఎకార్డింగ్ టు ది ఈక్వేషన్' అన్న ముక్కతో మొదలుపెట్టాలి. ఆ ముక్క లేకపోతే తక్కినదంతా సరిగ్గా ఉన్నా కొట్టేసేవాడు. క్లాసులో చాలామంది ఆ లెక్కని అంకెలతో సహా కంఠస్థం చేశారు. కాలేజీ వరండాలో అటూ ఇటూ తిరుగుతూ పాలరాయి లెక్కని వల్లించేవాళ్లు. అదే లెక్కలో పది గ్రాములకి బదులు పాతిక గ్రాములంటే వాళ్లకి జవాబు రాదు. ఆ అవసరం రాదని వాళ్లకీ తెలుసు. ఆయన అంకె మార్చడు. అంకె మారిస్తే జవాబు తనే చేసుకోవాల్సి వస్తుంది.

దీన్ని సబ్జెక్టు మీద పట్టు అంటున్నారు.

మోల్ అనే మాట మాకు అప్పటికి అంతగా అలవాటు కాలేదు. గ్రామ్ మాలిక్యూల్ అనేవాళ్లు. విషయం ఒకటే. అణువుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టలేం కాబట్టి, తూచి లెక్కపెడతాం. ఉదజని, అంటే హైడ్రోజన్, రెండు గ్రాములు తూచినా, బొగ్గుపులుసు వాయువు నలభైనాలుగు గ్రాములు తూచినా లోపలున్న అణువుల సంఖ్య ఒకటే. వాయువైతే వాటికి పట్టే చోటూ ఒకటే, ఇరవైరెండు పాయింట్ నాలుగు లీటర్లు. ఇంతే సంగతి. ఈ రెండు ముక్కలు చెప్తే మాకు ఆ ఏడాదంతా కష్టం ఉండేది కాదు. ఆయన చెప్పలేదు.

బావ మొదటిసారి ఆయన కంట పడింది బోర్డు దగ్గర. సున్నపురాయిని కాలిస్తే సున్నమూ వాయువూ వస్తాయన్న సమీకరణం రాసి, రెండు పక్కలా ప్రాణవాయువు పరమాణువులు సరిపోయాయో లేదో లెక్కపెట్టమని బావని పిలిచాడు. బావ సుద్దముక్క పట్టుకుని, ఎడమ పక్క నుంచి పైకే లెక్కపెట్టాడు.

"లాభం, రెండు, మూడు."

మా వైపు ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు. లాభం అంటారు. తర్వాత రెండు, మూడు. కళ్లంలో పెరిగిన ఎవరి నోటికైనా, దేన్ని లెక్కపెట్టినా అదే వస్తుంది. ఆ మాట అన్నట్టు బావకే తెలీదు.

"ఏమిటీ?" అన్నాడు లెక్చరరు.

"మూడున్నాయండి. అటూ మూడే, ఇటూ మూడే."

"అది కాదు. ముందేమన్నావు?"

బావ ఆలోచించాడు. "లాభం అన్నానండి."

"ఎవరికయ్యా లాభం? నాకా, నీకా, కాల్షియానికా?"

క్లాసంతా నవ్వింది. నవ్వినవాళ్లలో సగానికి పైగా ఇళ్లలో అలాగే లెక్కపెడతారు. ఆ రోజు నుంచి బావ పేరు లాభం అయింది. బావ బెంచీకి తిరిగొచ్చి నా చెవిలో, "లెక్క సరిపోయిందా నేదా, అది సెప్పలేదు సూడు" అన్నాడు.

అది నాకు తట్టనే లేదు. సరిపోయిందని ఆయన నిజంగానే చెప్పలేదు.

గదిలో మేం లెక్కలు సాధన చేసింది గచ్చు మీద. నోట్సుకే కాగితం చాలేది కాదు. పొద్దున్నే గది తుడిచి, తడి ఆరాక, సుద్దముక్కలతో గోడ వారనుంచి మొదలుపెట్టి గుమ్మం దాకా లెక్కలు చేసుకుంటూ వచ్చేవాళ్లం. గుమ్మం చేరాక తుడిచేసి మళ్లీ. మొదట్లో బావకి అన్నీ కలిసిపోయేవి. ఒక లెక్కలో గ్రాములు అడుగుతారు, ఇంకో లెక్కలో లీటర్లు. ఎప్పుడు ఏది వాడాలో నోట్సులో లేదు. ఒక ఆదివారం అన్నం ఉడుకుతుండగా ఆయనే దారి కనిపెట్టాడు.

"మనింట్లో ఏటేటి కొలుస్తారు, ఏటేటి తూస్తారు, సెప్పు."

చెప్పాను. ధాన్యం, చోళ్లు (రాగుల్ని మా వైపు అలా అంటారు), ఉలవలు, నువ్వులు, ఉప్పు కుంచంతో కొలుస్తారు. బెల్లం, చింతపండు, గోగునార తూస్తారు.

"మరింకేటి. వాయువులు కుంచం సరుకు. మిగతాయి తూకం సరుకు. ఆటి కుంచం ఇరవైరెండున్నర లీటర్లు."

"ఇరవైరెండు పాయింట్ నాలుగు."

"అదే. కొంచెం తలగొట్టీసిన కుంచం."

కుంచం మీద పోగు రాకుండా చేత్తో చదును చేయడాన్ని తలకొట్టడం అంటారు. నేను నవ్వాను గాని, ఆ రోజు నుంచి ఏ లెక్క వచ్చినా ముందు అడిగే ప్రశ్న అదే అయింది. ఇది కుంచం సరుకా, తూకం సరుకా? తూకం సరుకైతే దాని అణుభారంతో భాగించు, గింజల లెక్క వస్తుంది. కుంచం సరుకైతే ఇరవైరెండు పాయింట్ నాలుగుతో భాగించు, అదే గింజల లెక్క వస్తుంది. ఒక సరుకు నుంచి ఇంకో సరుకుకి వెళ్లాలంటే ఎప్పుడైనా గింజల మీదుగానే వెళ్లాలి. నేను తర్వాత ఎన్నో ఏళ్లు క్లాసులో చెప్పింది ఇదే, కుంచం అన్న మాట లేకుండా. ఇంతకన్నా మంచి పద్ధతి ఏ పుస్తకంలోనూ నాకు కనపడలేదు.

తప్పులూ చేశాడు. సున్నపురాయి లెక్కలో ఒకసారి సున్నానికి కూడా ఇరవైరెండు పాయింట్ నాలుగు లీటర్లు వేశాడు.

"సున్నం వాయువేటి బావా?"

"మనూళ్లో కుంచంతో కొలవరేటి సున్నాన్ని?"

కొలుస్తారు. ఆ తప్పు మా ఊరివాడు తప్ప ఇంకొకడు చేయలేడు. ఆయన తన తప్పు చూసి అరచేత్తో నుదురు కొట్టుకుని, సుద్దంతా నుదుటికి అంటించుకున్నాడు. ఆ తర్వాత ఆ తప్పు చేయలేదు. పాతిక గ్రాముల పాలరాయి అన్నా, ఏడు గ్రాములన్నా, ఏ అంకె వేసినా తడుముకోకుండా చేసేవాడు. వరండాలో తిరుగుతూ వల్లించేవాళ్లెవరికీ అది చేతకాదు.

అయితే ఒకటి ఆయనకి మింగుడు పడలేదు. దాన్ని క్లాసులో అడిగాడు. నేను వద్దన్నాను. వినలేదు.

"సార్, ఏ వాయువైనా అదే లీటర్లలో అన్నే అణువులుంటాయన్నారు. ఉదజని అణువు సిన్నది, బొగ్గుపులుసు వాయువుది పెద్దది కదండి. కుంచెడు సోళ్లలో ఉన్నన్ని గింజలు కుంచెడు దాన్యంలో ఉండవు గదేటి సార్. సిన్న గింజలు ఎక్కువ పడతాయి. వాయువులకి ఎలగ సమానం అవుతాయండి?"

ఆ తర్వాత ఎన్నో ఏళ్లు నేను పాఠాలు చెప్పాను. అవొగాడ్రో నియమం మీద ఇంతకంటే సరైన ప్రశ్న నన్నెవరూ అడగలేదు. అది అడగాల్సిన ప్రశ్న. దానికి జవాబు తెలిసినవాడికి ఆ నియమం తెలిసినట్టు. లెక్చరరు నోట్సులో వేలు పెట్టుకుని, బావ వైపు చూసి, చేతి సుద్ద దులుపుకున్నాడు.

"ఏటీ? సోళ్లేటి?" అన్నాడు, బావ మాట్లాడినట్టే గొంతు పెట్టి. "నువ్వు వచ్చింది కెమిస్ట్రీ క్లాసుకా, కళ్లానికా? కుంచం బయట పెట్టి లోపలికి రావోయ్. సిట్ డౌన్."

అందరూ నవ్వారు. ఆయన నోట్సులో వేలు పెట్టిన చోటు నుంచి చదువుకుపోయాడు. ఫుల్‌స్టాప్.

వాత్సల్యం అంటే ఇదేనేమో నాకు తెలియదు.

కాలేజీ లైబ్రరీలో తాళం వేసిన బీరువా ఒకటి ఉండేది. అందులో మంచి పుస్తకాలుండేవి. వాటిని డిగ్రీవాళ్లకి తప్ప ఇవ్వరు. డిగ్రీవాళ్లు అడగరు. అలా ఆ పుస్తకాలు కొత్తగా ఉండిపోయాయి. లైబ్రరీ ఆయన్ని కొన్ని మధ్యాహ్నాలు బతిమాలితే, ఎదురుగా నిలబడి చదువుకో, కూర్చోవద్దు అన్న షరతు మీద ఒక పుస్తకం తీసిచ్చాడు. కూర్చుంటే ఏం నష్టమో చెప్పలేదు. డిక్షనరీ పక్కన పెట్టుకుని, వాయువుల పాఠం నిలబడే చదివాను. గదికి వచ్చి బావకి చెప్పాను.

"వాయువులో అణువులు ఒకదాన్నొకటి ఆనుకుని ఉండవు. మధ్యన ఖాళీ చాలా ఎక్కువ. ఆ ఖాళీ ముందు అణువు సైజు లెక్కలోకి రాదు."

బావ స్టవ్ పంపు కొడుతున్నవాడు ఆగిపోయాడు.

"అంటే కుంచం నిండా గింజల్నేవా?"

"నేవు. ఎక్కడో ఒకటి."

"ఓర్నాయనా. ఖాళీని కొలుస్తన్నామన్నమాట." చెవి దగ్గర మూగిన దోమని చేత్తో తోలాడు. "సోళ్లూ దాన్యం కాదు బావా. ఈ గదిలో దోమలు. దోమలుంటే ఏటి, తేనెటీగలుంటే ఏటి. గదికి ఇరుకవుద్దా? అవదు. సైజుతో పన్నేదు."

"అంతే."

"మరి అన్నే ఎందుకుండాల? దోమలు ఎక్కువా తేనెటీగలు తక్కువా ఉండకూడదేటి?"

అది ఆ పుస్తకంలో ఇంకో పాఠంలో ఉంది. అందులో ఉన్న గణితం నాకు అప్పటికి రాదు. అదే చెప్పాను.

"పోన్లే. సగం దొరికింది. మిగతా సగం నువ్వే సూసి సెప్పాల" అన్నాడు. స్టవ్ వెలిగించాడు. అన్నం తింటున్నంతసేపూ ఖాళీ, ఖాళీ అనుకుంటూ నవ్వుకున్నాడు.

సంక్రాంతి సెలవుల తర్వాత సెలక్షన్ పరీక్షలు. ఇవి యూనివర్సిటీవి కావు. కాలేజీవాళ్లే పెట్టి, వాళ్లే దిద్ది, తప్పినవాళ్లని అసలు పరీక్షకి పంపకుండా ఆపేస్తారు. కాలేజీ ఫలితాల శాతం బాగుండాలి కదా. తప్పేలా ఉన్నవాణ్ణి ముందే ఆపేస్తే ఎవరూ తప్పరు. ఈ ఉపాయాన్ని ప్రమాణాలు అనేవాళ్లు. ఆపేస్తే బావకి మిగిలింది మావయ్య చెప్పిన నాగలే.

పరీక్షకి ముందు రోజు బావతో గట్టిగా చెప్పాను. "ఆయన నోట్సులో ఉన్నట్టే రాయి. ఎకార్డింగ్ టు ది ఈక్వేషన్ అని మొదలెట్టు. దోమలూ గీమలూ వద్దు."

"లెక్కకి పెడతాను" అన్నాడు. పెట్టాడు కూడా. అయితే ఇంకో ప్రశ్నలో అవొగాడ్రో నియమాన్ని చెప్పి వివరించమన్నారు. నియమాన్ని నోట్సులో ఉన్నట్టే రాసి, వివరణ దగ్గర తనకి తెలిసిన ఇంగ్లీషులో గది, దోమలు, తేనెటీగలు, ఖాళీ రాశాడు. గదికి వచ్చాక నాకు చెప్పాడు. "వివరించమన్నాడు బావా. తెలిసింది గదా మరి" అన్నాడు.

పేపర్లు ఇచ్చే రోజున లెక్చరరు ఆ పేజీ పైకి చదివాడు. వచ్చీరాని ఇంగ్లీషుని, ఉన్న తప్పులతో సహా, నెమ్మదిగా, ఒక్కో మాట దగ్గరా ఆగి చదివాడు. "విజయనగరం దోమలు అవొగాడ్రోకి తెలియక ఆయన అంత కష్టపడ్డాడు" అన్నాడు. ముందు బెంచీలో ఒకడు నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. ఇప్పుడు సంచికకి సంపాదకుడు అతనే. లెక్చరరు ఆ ప్రశ్నకి సున్నా వేశాడు. లెక్కల దగ్గర జవాబు కుడివైపున రాయలేదని తగ్గించాడు. కెమిస్ట్రీలో బావ తప్పాడు. తక్కిన అన్నిట్లోనూ గట్టెక్కాడు.

ఆపేసిన పిల్లల తండ్రులు వచ్చి లెక్చరర్లని చూడటం ఆ కాలేజీలో అలవాటు. ఉత్త చేతులతో చూడరు. దానికి పేరేమీ లేదు. నెయ్యి ఉన్నవాళ్లు నెయ్యి తెచ్చేవాళ్లు, జీడితోటలున్నవాళ్లు జీడిపప్పు. మా వైపు నుంచి వచ్చినవాళ్లు పొందూరు పంచెలచాపు తెస్తే మా లెక్చరరుకి ఇష్టమని అందరికీ తెలుసు. మావయ్య కూడా తెచ్చాడు. మా అత్త వడికిన నూలుతో నేయించింది. బావ పెద్ద కాలేజీకి వెళ్లేటప్పుడు కట్టుకోవాలని దాచింది. దాన్ని కొత్త తువ్వాలులో చుట్టి, చంకలో పెట్టుకుని వచ్చాడు.

లెక్చరరు ఇంటి వరండాలో ఆయన కూర్చున్నాడు. మేం ముగ్గురం నిలబడ్డాం. మావయ్య పొట్లం ఆయన పక్కన ఉన్న స్టూలు మీద పెట్టాడు. లెక్చరరు తువ్వాలు మడత విప్పి, గుడ్డని రెండు వేళ్లతో నలిపి చూసి, మళ్లీ మూసేశాడు.

"మీవాడు తెలివైనవాడే. తలపొగరు. క్లాసులో తలతిక్క ప్రశ్నలు, పేపర్లో తలతిక్క రాతలు. తను రాసింది తప్పని నా ముందు ఒప్పుకుని, అదే మాట రేపు క్లాసులో కూడా అంటే పంపిస్తాను."

"అంతాడు బాబూ, ఎందుకనడు" అన్నాడు మావయ్య. బావ వైపు తిరిగాడు. "అనీరా. ఒక్క ముక్క. అనీసి ఎల్లిపోదాం."

బావ చేతులు కట్టుకునే ఉన్నాడు. గొంతు కూడా పెంచలేదు.

"మీకు ఎదురుసెప్పుంటే తప్పేనండి. దానికి కాళ్లట్టుకుంతాను. రాసింది తప్పంతే, ఏటి తప్పో సెప్పండి సార్. తెలుసుకుని అంతాను."

లెక్చరరు చెప్పాల్సింది ఎంతో లేదు. ఒక్క వాక్యం చాలు. తప్పయితే ఎందుకు తప్పో, ఒప్పయితే ఒప్పని. వరండా ముందు నుంచి ఒక బండి వెళ్లింది. అది మలుపు తిరిగేదాకా ఆయన దాన్నే చూశాడు.

"చూద్దాం" అని లేచి లోపలికి వెళ్లాడు. వెళ్తూ పొట్లం తీసుకున్నాడు.

ఆ సాయంత్రం బోర్డు మీద పెట్టిన, పరీక్షకి పంపేవాళ్ల జాబితాలో బావ పేరు లేదు. 

మావయ్య తిట్టలేదు. బస్టాండులో టీ తాగుతూ, "నాకు తెల్దురా, నిజంగా తప్పేనేటి నువ్వు రాసింది?" అని అడిగాడు. బావ తల అడ్డంగా ఊపాడు. "అయితే మరేటి సేస్తాం" అన్నాడు మావయ్య. ఇద్దరూ బస్సెక్కారు. గచ్చు మీద పొద్దున చేసిన లెక్కలు అలాగే ఉన్నాయి. నేను ఒక్కణ్ణే గుమ్మం దాకా చేసుకుంటూ వచ్చి పరీక్ష రాశాను.

డిగ్రీ రెండో ఏడాదిలో మిగతా సగం దొరికింది. ఆ పుస్తకమే. ఇప్పుడు కూర్చుని చదవనిచ్చారు. పంటకోతల సెలవులకి ఊరు వెళ్లాను. బావ కళ్లంలో ధాన్యం కొలుస్తున్నాడు. లాభం దగ్గర మొదలైతే అయ్యేదాకా మధ్యలో పలకరించకూడదు. గట్టు మీద కూర్చుని ఉన్నాను. అయ్యాక వచ్చి పక్కన కూర్చున్నాడు.

"దొరికిందేటి?" అన్నాడు. దేని గురించి అని నేను అడగలేదు.

"ఒకే వేడిలో చిన్న అణువులు జోరుగా తిరుగుతాయి, పెద్దవి నెమ్మదిగా. మొత్తానికి గోడకి ఒక్కొక్కటి మోపే ఒత్తిడి సమానంగా తేలుతుంది. ఒత్తిడీ వేడీ చోటూ ఒకటే అయితే, తిరిగేవాటి సంఖ్య కూడా ఒకటే అవ్వాలి."

చేతుల పొట్టు దులుపుకుంటూ దాన్ని రెండుసార్లు నాచేత చెప్పించుకున్నాడు.

"దోమ జోరుగా కొడతాది, తేనెటీగ నెమ్మదిగా గుద్దుతాది. దెబ్బ ఒకటే."

"అంతే."

"అయితే ఆ లెక్చరరుకి ఇది తెలుసంతావా?"

"తెలీదనుకుంటాను."

బావ పక్కన పడ్డ నాలుగు గింజలు ఏరి కుప్ప మీదకి విసిరాడు. తర్వాత, కోపంగా కాదు, నిజంగానే అర్థంకాక అడిగినట్టు, "తెల్దంటే తెల్దనొచ్చు గదా. నానేటి ఆయన్ని కొడతానా?" అన్నాడు. లేచి కుంచం తీసుకుని లోపల పెట్టడానికి వెళ్లాడు.

బావ జీవితమంతా ఆ పొలంలోనే గడిచింది. మడి మూల పంట ఎందుకు ఎర్రబడుతుందో ఆయనకి ఎవరూ చెప్పలేదు. నాకూ తెలీదు, అది నా సబ్జెక్టు కాదు. ఆ మూల వదిలేసి నాటడం అలవాటు చేసుకున్నాడు. పిల్లల్ని చదివించాడు. కాలేజీ మాట ఎత్తేవాడు కాదు. నేను వెళ్లినప్పుడు మాత్రం, ఈ మధ్య కొత్తగా ఏటి తెలిసింది, అని అడిగేవాడు. చెప్తే వినేవాడు. నా సర్వీసులో అలా అడిగిన సహోద్యోగి ఒక్కడు లేడు.

సంచిక ఫోటోలో ఉన్న పంచె మా అత్త నూలుదని నేను చెప్పలేను. పొందూరు పంచెలు ఆయనకి చాలామంది ఇచ్చారు. ఎవరిది ఏదో ఆయనకీ గుర్తుండి ఉండదు. నేను చెప్పగలిగింది ఇంతే. ఆ రోజు ఆయన లోపలికి తీసుకెళ్లాడు. బయటికి ఏమీ రాలేదు, పంచె గాని, జవాబు గాని.

బావ దినానికి వెళ్లాను. వంటవాళ్లకి బియ్యం ఇవ్వాల్సి వచ్చింది. ఇంట్లో తూకం మిషను ఉంది. బావ తమ్ముడు దాని వంక చూడలేదు. అటక మీది పాత కుంచం దింపించి, దులిపి, బస్తా ముందు కూర్చున్నాడు. మొదటి కుంచం నింపాడు. అరచేత్తో తలకొట్టాడు. వంటవాడు పట్టుకున్న గుడ్డలో పోశాడు. నోరు తెరిచాడు, మూసుకున్నాడు. రెండోది నింపి పోస్తూ, "రెండు" అన్నాడు.

"మొదటిది లెక్కేసేవా బాబూ?" అని అడిగాడు వంటవాడు.

"ఏసేను" అన్నాడు. మూడోదానికి వంగాడు.